పైన మెరిసిన గచ్చు, కింద కారిన నీళ్ళు

(రేడియోలో ప్రసారమైన వర్తమానము)

వాక్యభాగము: లేవీయకాండము 14వ అధ్యాయము, 33 నుండి 53 వచనములు

 

ఈ రోజు మీతో ఒక స్నానాల గది గురించి మాట్లాడాలనుకుంటున్నాను. నవ్వుకోకండి. అది మా ఇంటి స్నానాల గదే. దాని గచ్చు పాడైపోయి బాగుచేయించుకోవలసి వచ్చింది. ఆ పని జరిగిన రోజుల్లో దేవుడు నాతో మాట్లాడాడు. నేర్పించింది మేస్త్రిగారు, గద్దించింది వాక్యము. ఆ రెండూ మీ ముందు పెడతాను. బైబిలు దగ్గరుంటే లేవీయకాండము పద్నాల్గవ అధ్యాయము తెరిచి పెట్టుకోండి.

మాది నరసరావుపేట. మా నాన్నగారు కట్టిన చిన్న ఇల్లు. కింద ఒక వాటా, పైన ఒక వాటా. పైన మేముంటాము. కింది వాటాలో మా సంఘానికే చెందిన ఒక పెద్దావిడ తన మనవడితో అద్దెకుంటున్నది. ఆమె మిరపకాయల కాలంలో తొడిమలు తీసే కూలికి పోతుంది. ఆమె పేరు చెప్పను. చెప్పకపోయినా ఈ వర్తమానంలో పెద్ద మనిషి ఆమే.

మన పల్నాటి పాత ఇళ్ళు మీకు గుర్తుండే ఉంటాయి. ఇంట్లో మాచర్ల, దాచేపల్లి వైపు నుండి వచ్చిన నాపరాళ్ళు పరిచేవారు. స్నానం మాత్రం పెరట్లోనే. నాలుగు తడికలు, ఒక బండరాయి, పక్కన నీళ్ళ తొట్టి. పోసుకున్న నీళ్ళు అరటిచెట్టుకు పోయేవి. ఇప్పుడు స్నానాల గది ఇంట్లోకి వచ్చింది, ఇంకా మేడమీదికి కూడా ఎక్కింది. మనకు సౌకర్యమే. కాని ఒక్క సంగతి మారింది. ఒకప్పుడు మనము పోసుకున్న నీళ్ళ కింద అరటిచెట్టు ఉండేది. ఇప్పుడు ఒక మనిషి తల ఉన్నది.

మా స్నానాల గదిలో తెల్లటి టైల్స్ వేయించాము. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి టైల్స్ మీద తెల్లటి చారలు కట్టేవి, బకెట్ల అడుగున గార పట్టేది. ఇంటికి పాస్టర్లు, సంఘపెద్దలు వస్తుంటారు. గది మురికిగా ఉంటే ఏం బాగుంటుంది? నెలకొకసారి యాసిడ్ సీసా తెచ్చి, నేనే పోసి రుద్దేవాణ్ణి. అద్దంలాగా మెరిసేది. చూసినవాళ్ళు, అయ్యగారి ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో అనేవారు. నాకు సంతోషంగా ఉండేది.

నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ యాసిడ్ టైల్స్‌ను ఏమీ చేయదు గాని టైలుకు టైలుకు మధ్యనున్న సిమెంటును తినేస్తుంది. సిమెంటు సున్నపురాయితో తయారయ్యేది. మనది సున్నపురాయి ప్రాంతం. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు మీకు తెలుసు. మాచర్లలో 1958 లోనే సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. సున్నపురాయి మీద యాసిడ్ పోస్తే నురుగు వచ్చి కరిగిపోవడం బడిపిల్లలు కూడా చూసే ఉంటారు. నేను చేసింది అదే. పైన మెరుపు కోసం పోసిన యాసిడ్, కీళ్ళను గుల్ల చేసింది. కొన్నాళ్ళకు మూలన ఒక సన్నని చీలిక కనబడింది. తెల్ల సిమెంటు తెచ్చి వేలితో రాసి పూడ్చాను. మూడు నెలలకు మళ్ళీ చీలింది. మళ్ళీ రాశాను. రెండేళ్ళు ఇట్లాగే గడిచాయి.

ప్రియులారా, ఆ రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా కింది వాటాలోకి వెళ్ళి తల ఎత్తి చూడలేదు. నెలనెలా అద్దె తీసుకునేటప్పుడు గుమ్మం దగ్గరే నిలబడేవాణ్ణి. "బాగున్నావా అమ్మా?" అంటే "బాగున్నామయ్యగారూ" అనేది. అంతే.

ఒకరోజు ఉదయం కింద ఏదో పడిన చప్పుడు. పరుగెత్తుకొని వెళ్ళాను. మంచం మీద, సరిగ్గా పిల్లవాడు తల పెట్టుకొనే దిండు మీద, పైకప్పు పెచ్చు ఊడి పడి ఉన్నది. చేటంత ఉంటుంది. పిల్లవాడు అప్పుడే లేచి పళ్ళు తోముకోవడానికి బయటికి వెళ్ళాడు. దేవునికి స్తోత్రము. తల ఎత్తి చూశాను. కప్పు మీద పెద్ద మచ్చ, అంచులు పసుపుపచ్చగా, మధ్యలో నల్లగా బూజు. ఊడినచోట తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటపడ్డాయి. ఫ్యానుకు వెళ్ళే వైరు పక్కనే చెమ్మ. మంచం పక్కన ఒక సత్తు గిన్నె, సగం నిండా నీళ్ళు.

"ఎన్నాళ్ళ నుంచి కారుతున్నదమ్మా?" అని అడిగాను.

"పోయిన వానాకాలం ముందు నుంచి, అయ్యగారూ. రాత్రిపూట గిన్నె పెట్టుకుంటాను. పొద్దున పారబోస్తాను."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆమె కొంచెంసేపు నేల చూసింది. "మీరు అయ్యగారు గదా. మీ బాత్రూము కారుతున్నదని మీకెట్టా చెప్పేది?" అన్నది.

ఆ మాట నా గుండెల్లో గుచ్చుకున్నది. ప్రతి ఆదివారము ఆమె ముందు వరుసలో కూర్చొని నా ప్రసంగము వింటుంది. ఒప్పుకోలు గురించి, వెలుగులో నడవడం గురించి నేను చెప్పేది వింటుంది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నేను స్నానం చేసిన నీళ్ళకు గిన్నె పెట్టుకుంటుంది.

ఇప్పుడు వాక్యభాగానికి వద్దాము. లేవీయకాండము 13, 14 అధ్యాయాలను చాలామంది చదవకుండా దాటిపోతారు. చర్మరోగాలు, బట్టల మీద మచ్చలు, ఇంటి గోడల మీద మచ్చలు, మనకెందుకులే అనుకుంటారు. హెబ్రీ భాషలో త్సారాఅత్ అనే మాటనే మనిషి చర్మానికీ, బట్టకూ, ఇంటి గోడకూ వాడారు. గోడ విషయంలో అది బూజో, చెమ్మ వలన వచ్చిన కుళ్ళో అయి ఉండవచ్చునని అనేకమంది పండితులు చెబుతారు. ఆకుపచ్చగానో ఎర్రగానో గుంటలు పడి, గోడ పైభాగము కంటే లోతుగా కనబడే మచ్చ అది.

అలాంటి మచ్చ కనబడితే ఏమి చేయాలో దేవుడు మోషేకు అహరోనుకు చెప్పాడు. మొట్టమొదటి మెట్టు ఏమిటో గమనించండి. ఆ ఇంటి యజమానుడే యాజకుని దగ్గరకు వెళ్ళి, తన ఇంట్లో మచ్చవంటిదేదో కనబడుతున్నదని చెప్పాలి. పక్కింటివాడు కాదు, పనిమనిషి కాదు, అద్దెకున్నవాడు కాదు. యజమానుడే. అదేమిటో తేల్చవలసిన బాధ్యత కూడా అతనిది కాదు. "వంటిది" అంటే చాలు. అనుమానం వచ్చినప్పుడే నోరు విప్పాలి.

మా ఇంట్లో ఇది తలకిందులైంది. నేను యజమానుణ్ణి. వాక్యము చెప్పేవాణ్ణి కూడా నేనే. ఆ పేదరాలు చెప్పుకోవడానికి నా దగ్గరకు తప్ప ఇంకెక్కడికి వెళ్తుంది? నాకున్న గౌరవమే ఆమె నోటికి అడ్డమైంది. గౌరవము పొందే ప్రతివారు ఈ సంగతి జాగ్రత్తగా వినాలి. తండ్రులు, యజమానులు, ఉపాధ్యాయులు, సంఘపెద్దలు, పాస్టర్లు. మన కింద ఉన్నవారు మన తప్పు మనకు చెప్పరు. గిన్నె పెట్టుకుంటారు.

ఆ రోజే మేస్త్రిగారిని పిలిపించాను. ముప్పై ఏళ్ళుగా తాపీపని చేస్తున్న మనిషి. మొదట నేను ఆయనతో ఏమన్నానో సిగ్గుపడకుండా చెబుతాను. "కింద కప్పుకు పెచ్చు పూసి సున్నం వేసేద్దామా మేస్త్రీ? పైన సెలవుల్లో చూసుకుందాము" అన్నాను. ఆయన నవ్వి, "అట్టా పూస్తే ఆర్నెల్లకు మళ్ళీ ఊడిపడుతుందయ్యగారూ. నీళ్ళు పైన ఆపాలి గాని కింద ఆపితే ఆగుతాయా?" అన్నాడు.

యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయములో ఇదే ఉన్నది. ఒకడు బలము లేని గోడ కడుతుంటే అబద్ధ ప్రవక్తలు దానికి పైపైన పూత పూశారు. సమాధానము లేని చోట సమాధానమున్నదని చెప్పడమే ఆ పూత. వర్షము వచ్చినప్పుడు గోడ పడిపోతుంది, పూత ఏమైందని అందరూ అడుగుతారు అని దేవుడు హెచ్చరించాడు. చూడండి, నేను ఆ అధ్యాయము మీద రెండుసార్లు ప్రసంగించాను. అయినా నా నోటి నుండి మొదట వచ్చిన మాట పూత గురించే.

మేస్త్రిగారు మొదట నీళ్ళు ఎక్కడినుండి వస్తున్నాయో కనిపెట్టాలన్నాడు. ఇది అందరికీ ఉపయోగపడే సంగతి గనుక కాస్త వివరంగా చెబుతాను. కింద మచ్చ ఉన్నచోటికి సరిగ్గా పైనే రంధ్రం ఉంటుందనుకోకూడదు. మేడమీద స్నానాల గది ఉన్నచోట శ్లాబును అడుగు లోతు దించి పోస్తారు. ఆ గుంతలో పైపులు పరచి, ఇటుకముక్కలు, ఇసుక నింపి, దానిపైన గచ్చు చేస్తారు. కీళ్ళలోంచి దిగిన నీరు ఆ గుంతలో నిలుస్తుంది. దారి దొరికినప్పుడు ఎక్కడో ఒకచోట కిందికి కారుతుంది. పైన చూస్తే గది పొడిగానే ఉంటుంది. లోపల గుంత చెరువులాగా ఉంటుంది.

మొదటి పరీక్ష పైపులకు. రాత్రి పడుకోబోయే ముందు మోటారు వేయకుండా, కొళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత గీశాము. ఉదయానికి గీత దగ్గరే ఉన్నది. అంటే నీళ్ళు తెచ్చే పైపులు బాగానే ఉన్నాయి. రెండవ పరీక్ష గచ్చుకు. కింద ఆమె సామానంతా జరిపించి, ఆ గది కరెంటు ఆపించి, పైన నీళ్ళుపోయే తూము నోరు గట్టిగా మూసి, గచ్చు మీద రెండు అంగుళాల నీళ్ళు నిలబెట్టాము. గోడ మీద సుద్దతో గీత గీశాము. మేస్త్రిగారు ఆ నీళ్ళలో బట్టలకు వాడే నీలిమందు కలిపాడు.

మరునాడు పైన నీళ్ళు గీత కంటే కిందికి దిగాయి. కింద గిన్నెలో పడిన నీళ్ళు లేత నీలం రంగులో ఉన్నాయి. ఆ గిన్నె ఎత్తి ఆయన నా చేతికిచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. నాతాను ప్రవక్త దావీదు రాజు ముందు నిలబడి వేలు చూపిన ఘడియ నాకు గుర్తుకొచ్చింది. ఇక నేను తప్పించుకోవడానికి ఏమీ లేదు. అవి మా నీళ్ళే.

మళ్ళీ లేవీయకాండము చూడండి. యాజకుడు ఇంట్లోకి రాకముందే ఇల్లు ఖాళీ చేయించమన్నాడు దేవుడు. ఎందుకు? లోపలి సామానంతా అపవిత్రమని తేల్చబడకుండా ఉండేందుకు. దేవుని కనికరము చూశారా? ఆయన మచ్చను విడిచిపెట్టడు. అయితే ఆ పేదవాని మంచము, కుండ, దుప్పటి పాడుకాకుండా ముందే బయట పెట్టిస్తాడు. పాపమును ఖండించే దేవుడే వారి కుండను కూడా కాపాడుతాడు.

తరువాత రాళ్ళు తీసివేయాలి. ఇంటి లోపలి గోడలన్నీ గీకాలి. ఆ రాళ్ళను, ఆ గీకిన పెళ్ళను ఊరి బయట అపవిత్రమైన చోట పారవేయాలి. మేస్త్రిగారు సుత్తితో ఒక్కొక్క టైలు మీద తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట ఒక శబ్దము, డొల్లగా ఉన్నచోట ఇంకొక శబ్దము. పైకి అన్నీ ఒకే తెలుపు. తడితే గాని తేడా తెలియలేదు. సగానికి పైగా డొల్లే. "డొల్లవి మాత్రం తీద్దామా?" అని అడిగాను. "తీస్తే గచ్చంతా తీయాలి, గోడకు కూడా అడుగెత్తు తీయాలి" అన్నాడు. టైల్స్ తీశాక కింద నింపిన ఇటుకముక్కలు, ఇసుక బయటపడ్డాయి. నల్లగా, బురదగా, మురుగు వాసన. మా ఇంటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది. అద్దంలాగా మెరిసే గచ్చు కింద రెండేళ్ళుగా ఉన్నది అదే.

ప్రభువైన యేసు పరిసయ్యులతో గిన్నె బయట శుభ్రము చేసి లోపల విడిచిపెట్టే సంగతి మాట్లాడినప్పుడు నేనెప్పుడూ వేరేవాళ్ళ గురించే అనుకున్నాను. ఆ రోజు ఆ బురద ముందు నిలబడి అనుకున్నాను: నేను యాసిడ్ పోసింది నా గౌరవానికి. మెరుపు కావాలనుకున్నాను, కీళ్ళను చూసుకోలేదు. భక్తిలో కూడా అంతే. మనుష్యులకు కనబడేదాన్ని ఎంత రుద్దితే, కనబడని చోట అంత గుల్ల అవుతాము. ప్రార్థన, ఒప్పుకోలు, ఇంట్లోవాళ్ళతో సమాధానము, ఇవి కీళ్ళు. పదిమందిలో మన మాట తీరు, బట్టల తెలుపు, కానుకల జాబితాలో మన పేరు, ఇవి టైల్స్.

ఇక కొత్త పని ఎలా చేశారో చెబుతాను. గుంతంతా శ్లాబు కనబడేవరకు శుభ్రం చేసి ఆరబెట్టారు. పైపుల అతుకులు కొత్తగా వేశారు. నీళ్ళు నిలబెట్టి వాటిని మళ్ళీ చూశారు. గోడా నేలా కలిసే మూలలను కోణంగా వదలకుండా మాలుతో గుండ్రంగా తిప్పారు, ఎందుకంటే చీలిక మొదట పుట్టేది మూలలోనే. దానిపైన నీళ్ళు దిగకుండా ఆపే మందు సిమెంటులో కలిపి రెండు పూతలు వేశారు. మొదటి పూత తూర్పు పడమరలుగా, అది ఆరిన తరువాత రెండవది ఉత్తర దక్షిణాలుగా. నేలకే కాకుండా గోడకు కూడా అడుగెత్తు వరకు, నీళ్ళు పోసుకునేచోట మనిషెత్తు వరకు వేశారు. తూము చుట్టూ ఇంకా జాగ్రత్తగా. ఎక్కువ ఇళ్ళలో నీళ్ళు దిగేది తూము నోటి దగ్గరే.

అప్పుడు మేస్త్రిగారు వెంటనే టైల్స్ పరచలేదు. పూత ఆరనిచ్చి, మళ్ళీ నీళ్ళు నిలబెట్టి రెండు రోజులు ఉంచాడు. కింద కప్పుకు కొత్త చెమ్మ రాలేదని చూసిన తరువాతే ఇటుకముక్కలు నింపి, పైన మాలు పరిచాడు. ఆ మాలును వారం రోజులు తడిపాము. సిమెంటుకు నీళ్ళు పట్టకపోతే బలము రాదు. మన రెంటచింతల ఎండలు మీకు తెలుసు గదా; ఆ ఎండకు తడపని సిమెంటు పగులుతుంది. చూశారా, గచ్చును పాడుచేసింది నీళ్ళే, గచ్చుకు బలమిచ్చింది కూడా నీళ్ళే. తరువాత దానిమీద మళ్ళీ రెండు పూతలు, తూమువైపు వాటం పెట్టి టైల్స్. వాటం అంటే రెండడుగులకు పావంగుళం నుండి అరంగుళం వరకు దిగాలి. రసమట్టం పెట్టి చూశాక, ఒక చెంబు నీళ్ళు పోసి, ఎక్కడా నిలవకుండా తూములోకి పోతున్నాయా అని మళ్ళీ చూశాడు.

నాకు తొందరగా ఉండేది. మా కుటుంబమంతా బంధువుల ఇంట్లో స్నానాలకు వెళ్ళాల్సి వచ్చింది. "ఇంకెన్ని రోజులు మేస్త్రీ?" అని రోజూ అడిగేవాణ్ణి. అయితే లేవీయకాండములో యాజకుడు కూడా ఏడు రోజులు ఇల్లు మూసి ఉంచాడు, ఏడవ రోజున తిరిగి వచ్చి చూశాడు. రాళ్ళు మార్చి, కొత్త అడుసు పూసిన తరువాత కూడా మళ్ళీ వచ్చి చూశాడు. మచ్చ తిరిగి వస్తే ఆ ఇంటిని పడగొట్టాలన్నాడు. మారుమనస్సుకు పరీక్ష కావాలి, సమయము కావాలి. శనివారం రాత్రి కన్నీళ్ళు పెట్టుకొని సోమవారం ఉదయానికి అంతా అయిపోయిందనుకోకూడదు.

గచ్చు పని అయిపోయింది. మా ఇంట్లో అందరికీ సంతోషం. అయితే నాకు ఈ వర్తమానమంతటిలో ముఖ్యమైన పాఠము అప్పుడే దొరికింది. మేస్త్రిగారు పనిముట్లు కడుక్కుంటూ, "మరి కింద సంగతేంటయ్యగారూ?" అన్నాడు.

నా చేతిలో డబ్బు అయిపోయింది. తెల్ల సిమెంటుతో వందరూపాయల్లో పోతుందనుకున్నది ముప్పై వేలు దాటింది. నీళ్ళు ఆగాయి గదా, కింద కప్పు వచ్చే ఏడు చేయిద్దామని నా మనస్సు చెప్పింది. అంటే నా గచ్చు బాగైతే నా పశ్చాత్తాపము పూర్తయిందని. నా నష్టము తీరింది. నా వలన ఆమెకు కలిగిన నష్టము తీరలేదు.

జక్కయ్య గుర్తున్నాడు గదా? ప్రభువు తన ఇంటికి వచ్చిన రోజున అతడు "నా పాపము క్షమించబడింది" అని కూర్చోలేదు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వారికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. లేవీయకాండము 6వ అధ్యాయములో కూడా పొరుగువాని సొత్తు అన్యాయముగా ఉంచుకున్నవాడు దాన్ని పూర్తిగా తిరిగి ఇచ్చి, అయిదవ వంతు కలిపి ఇవ్వాలి. అప్పుడే యాజకుని దగ్గరకు బలి తేవాలి. ముందు పొరుగువాని గుమ్మం, తరువాత బలిపీఠం.

కింది కప్పు పని కూడా అప్పుడే చేయించాము. డొల్లగా ఉన్న పెచ్చులన్నీ రాల్చేశారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. అసలు ఇనుము కంటే ఎన్నోరెట్లు చోటు ఆక్రమించి కాంక్రీటును బయటికి తోస్తుంది. అందుకే పెచ్చు ఊడేది. చువ్వలను ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు ఆపే రంగు వేసి, కొత్త మాలు పట్టించారు. చువ్వలు సన్నబడి ఉంటే పూతతో సరిపెట్టకుండా ఇంజనీరును పిలవాలి. మాకు దేవుని దయవలన అంతవరకు రాలేదు. బాగా ఆరిన తరువాతే సున్నం వేశారు. ఫ్యాను వైరు మార్పించాము. పాడైన పరుపు, తడిసిన పుస్తకాలు కొత్తవి కొన్నాము. కారిన నెలల అద్దెలో కొంత తిరిగి ఇస్తుంటే ఆమె తీసుకోలేదు. "వద్దయ్యగారూ" అని చేతులు వెనక్కి పెట్టుకున్నది. "అమ్మా, ఇది దానము కాదు, బాకీ" అని చెప్పిన తరువాత తీసుకున్నది.

తరువాత ఆదివారము ఆరాధనలో ఆమె అనుమతి తీసుకొని ఈ సంగతి సంఘము ముందు చెప్పాను. చెప్పేటప్పుడు నాలుక తడబడింది. కాని ఆ వారములోనే ముగ్గురు వేరువేరుగా వచ్చి, "అయ్యగారూ, మీతో ఒక మాట చెప్పాలి" అన్నారు. అంతకుముందు నా దగ్గరకు రాని మాటలు అవి. అందులో ఒకటి నా గురించే.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. మీ కింద ఎవరున్నారు? మేడమీద ఇల్లు లేకపోయినా ప్రతి మనిషికి కింద ఒక వాటా ఉంటుంది. నీ కోపము నీ భార్య మీద కారుతున్నదేమో. నీ తాగుడుకు నీ బిడ్డ గిన్నె పెట్టుకుంటున్నాడేమో. నీవు బాకీపడి ఇవ్వని కూలి, ఎవరి పొయ్యి మీద చెమ్మగా దిగుతున్నదో. ఇద్దరు అక్కచెల్లెళ్ళ మధ్య నీవు వేసిన ఒక్క మాట, వాళ్ళ తల్లి కళ్ళల్లో కారుతున్నదేమో. నీ గది పొడిగానే ఉన్నది. అద్దంలాగా మెరుస్తున్నది. కిందికి వెళ్ళి తల ఎత్తి చూశావా?

మనకు దగ్గరలోనే నాగార్జునసాగర్ ఆనకట్ట ఉన్నది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. మన పల్నాటి పొలాలకు కుడికాలువ నీళ్ళు అక్కడి నుండే. రాతితో కట్టిన మహా కట్టడము. అయినా ఆ రాతి గోడ లోపల మనుష్యులు నడిచే సొరంగదారి పెట్టారు. ఎందుకు? లోపలికి వెళ్ళి ఊట ఎంత వస్తున్నదో చూసుకోవడానికి. అంత పెద్ద ఆనకట్ట కట్టినవారు, ఇది కారదులే అనుకోలేదు. కారుతున్నదేమో చూసుకోవడానికి దారి పెట్టుకున్నారు. దావీదు కూడా తనను పరిశోధించి తెలుసుకొమ్మని దేవుణ్ణి బతిమాలుకున్నాడు. మన జీవితములో అలాంటి దారి ఒకటి తెరిచి ఉంచుదాము. మనకు భయపడకుండా నిజము చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఉండాలి. లేకపోతే మనమే వెళ్ళి అడగాలి.

ఈ వారము రెండు పనులు చేయండి. మొదటిది ఇంటిపని. మీ స్నానాల గది మూలలు చూడండి, టైల్స్ తట్టి చూడండి, కింద వాటా ఉంటే వెళ్ళి కప్పు చూడండి. యాసిడ్ మానండి; మరీ ముఖ్యంగా యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. వానలు రాకముందే మేస్త్రిని పిలవండి. రెండవది ఆత్మ సంబంధమైనది. మీ కింద ఉన్న ఒక్కరి దగ్గరకు వెళ్ళి, "నా వలన నీకు ఏమైనా కారుతున్నదా?" అని అడగండి. వాళ్ళు వెంటనే చెప్పరు. "బాగున్నామండీ" అంటారు. అక్కడితో తిరిగి రావద్దు. కూర్చోండి. కప్పు వైపు చూడండి.

లేవీయకాండములో ఆ ఇంటి కథ కూల్చివేతతోనే ముగియలేదు. మచ్చ తిరిగి రాకపోతే ఆ ఇల్లు పవిత్రమని యాజకుడు ప్రకటిస్తాడు. రెండు పిట్టలను తెస్తారు. ఒకదానిని పారే నీటి మీద మట్టిపాత్రలో వధిస్తారు. దేవదారు, ఎర్రని నూలు, హిస్సోపులతో కూడ ప్రాణముతో ఉన్న రెండవ పిట్టను ఆ రక్తములోను నీటిలోను ముంచి, ఇంటి మీద ఏడుసార్లు ప్రోక్షిస్తారు. తరువాత రెండవ పిట్టను ఊరి బయట స్వేచ్ఛగా ఎగిరిపోనిస్తారు. చెమ్మతో చెడిన ఇంటిని దేవుడు నీటితోనే పవిత్రము చేయించాడు. ఒక ప్రాణము పోయింది, ఒక ప్రాణము ఎగిరిపోయింది. ప్రియ సహోదరుడా, సహోదరీ, సిలువ మీద మన కొరకు ఊరి బయట ప్రాణము పెట్టిన యేసుక్రీస్తు ప్రభువు వలన నీవు ఆ ఎగిరిపోయిన పిట్టవు కావచ్చును. ఎంత బురద బయటపడినా ఆయన ముక్కు మూసుకొని వెళ్ళిపోయే యాజకుడు కాడు. అయితే యజమానుడవు నీవు. నీవే వెళ్ళి చెప్పాలి.

ప్రార్థన చేసుకుందాము.

పరిశుద్ధుడవైన మా తండ్రీ, మా మచ్చలను పూతతో కప్పుకున్న రోజులను క్షమించుము. మా కింద ఉన్నవారు మౌనముగా భరించిన నీళ్ళను మాకు చూపించుము. చూసిన తరువాత పారిపోకుండా, వారి కప్పు బాగయ్యేవరకు నిలబడే మనస్సును మాకు దయచేయుము. ఈ రాత్రి ఎక్కడో గిన్నె పెట్టుకొని నిద్రపోతున్నవారిని నీవే కాపాడుము. వారి నోట మాట పుట్టించుము, మా చెవులు తెరువుము. మా కొరకు మృతిపొంది తిరిగి లేచిన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.

దేవుడు మిమ్మును, మీ ఇంటిని, మీ కింది వాటాలో ఉన్నవారిని దీవించును గాక.